భద్రంగారి కంప్యూటర్, ఒక చెంపపిన్ను

గోడ మీది తెర మళ్ళీ అదే మాట అంది. "సంకేతం అందలేదు."

"వినపడింది లేవే తల్లీ," అంది డాక్టర్ సంహిత, తెరతోనే. చేతిలో కేబుల్ పీకి, కొసని ఉఫ్ మని ఊది, మళ్ళీ గుచ్చింది. ఎంత పెద్ద శాస్త్రవేత్తయినా చివరికి చేసే పని ఇదే. ఊదడం, మళ్ళీ గుచ్చడం. చుట్టూ ఉన్న అయిదుగురూ ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డవాళ్ళలాగా కళ్ళార్పకుండా చూస్తున్నారు.

ఇది ఇంకో పాతికేళ్ళ తర్వాతి పాలకొల్లు. కాలవలో పడవలు చప్పుడు లేకుండా కరెంటు మీద పోతున్నాయి. టీవీ అనే పెట్టెగానీ, మానిటర్ అనే పెట్టెగానీ ఊళ్ళో ఎక్కడా లేదు. గోడకి అంటించుకునే పల్చటి తెరలు వచ్చాయి. క్యాలెండర్ చుట్టినట్టు చుట్టి సంచీలో పడేసుకోవచ్చు. పాన్ కొట్టులో తెర, రిక్షా వెనక తెర, అరటిపళ్ళ బండికి కూడా తెర. కాలం ఇంత మారినా, మెయిన్ రోడ్డులో గాజుల కొట్టు పక్క సందులో "శ్రీ మార్కండేయ కంప్యూటర్ జ్యోతిషాలయం" మాత్రం బోర్డుతో సహా అలాగే ఉంది. ఆ బోర్డు పెట్టిననాడు కంప్యూటర్ అనే మాట చదివితేనే జనానికి ఒళ్ళు జలదరించేది. ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది, అంతే తేడా.

లోపల బల్ల మీద ఉన్నది ఆ తొలినాళ్ళ కంప్యూటరే. లావుపాటి కీబోర్డులోనే మొత్తం యంత్రం ఇమిడిపోయిన రకం. ప్రోగ్రాం చిప్పులోనే పోసి ఉంది కనక ఇన్నేళ్ళయినా చెడలేదు. అబ్బాయి వివరాలు, అమ్మాయి వివరాలు టైపు చేస్తే ముప్పై ఆరు గుణాలకి ఎన్ని కలిశాయో, పెళ్ళి శుభమో కాదో చెబుతుంది. ఈ కొట్టుకో ఖ్యాతి ఉంది. పంచాంగం పంతులుగారు కుదరదన్న జంటలు చివరి ఆశగా ఇక్కడికే వస్తారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే మొహం వెలిగించుకుని పోతారు. "భద్రంగారి కంప్యూటర్ శుభమంది" అంటే ఆ ఇంట్లో ఇంక ఎవరూ కిమ్మనరు.

భద్రంగారికి ఎనభై దగ్గరపడుతున్నాయి. తండ్రి పెట్టిన కొట్టుని ఇరవై ఏళ్ళ వయసు నుంచీ నడుపుతున్నాడు. ప్రింటర్ ఎప్పుడూ కొనలేదు. తెర మీద ఏముంటే అది, పైనుంచి కింది దాకా, ఒక్క అక్షరం మింగకుండా గొంతెత్తి చదువుతాడు. అది తండ్రి పెట్టిన నియమం. చదివాక నాలుగు మూలలా పసుపు రాసిన కాగితం మీద తన చేత్తో రాసిస్తాడు.

మొన్న ఉగాదినాడు టప్ మని చప్పుడు చేసి, ఆ పాత పచ్చ అక్షరాల మానిటర్ ప్రాణం వదిలేసింది. కంప్యూటర్ బతికే ఉంది, దానికి నోరు పోయింది. సరిగ్గా అప్పుడే ధృతి పెళ్ళి పీకల మీదికొచ్చింది.

ధృతి ఊళ్ళోనే కొబ్బరిపీచు ఫ్యాక్టరీలో ఇంజనీరు. అక్కడే పనిచేసే విహారిని చేసుకుంటానంది. అబ్బాయి బుద్ధిమంతుడు, వంక పెట్టడానికి లేదు. కానీ పంతులుగారు జాతకాలు చూసి తల అడ్డంగా ఊపారు. దాంతో ధృతి తండ్రి వీర్రాజు బిగుసుకుపోయాడు. మనిషి మంచివాడేగానీ భయస్థుడు. "రేపేదన్నా అయితే జన్మంతా ఏడవాల్సింది నేను," అన్నాడు. అప్పుడు అతని తల్లి గంగారత్నం కలగజేసుకుంది. "మన ఇంట్లో పెళ్ళిళ్ళన్నీ భద్రంగారి కంప్యూటర్ చూసే కదా చేశాం. అదేమంటే అదే. శుభమంటే చేద్దాం, కాదంటే మానేద్దాం." వీర్రాజు సరేనన్నాడు. అబ్బాయివాళ్ళూ సరేనన్నారు. వాళ్ళు ఇవాళ సాయంత్రం స్వయంగా వచ్చి వింటామన్నారు. ఇంతలో మానిటర్ టప్ మంది.

విశాఖలో ఒకావిడ పాత కంప్యూటర్లకి కొత్త తెరలు కలిపే కేబుల్ కనిపెట్టిందని ధృతి ఎక్కడో చదివి, బతిమాలుకుంటూ మెసేజ్ పెట్టింది. ఆవిడే ఈ సంహిత. మ్యూజియంల వాళ్ళు పిలిచినా తీరిక లేదనే మనిషి, పాలకొల్లు పేరు చూసి ఆగింది. వాళ్ళమ్మది పక్కనే పోడూరు. ఫోన్ చేసి చెబితే అమ్మ వెంటనే అందుకుంది. "భద్రంగారి కంప్యూటరే! మాకు కుదరదని ముగ్గురు పంతుళ్ళు చెబితే, ఇరవై తొమ్మిది గుణాలు కలిశాయని మా పెళ్ళి చేయించింది అదేనే. అది నిన్ను సాయమడిగితే కాదంటావా?" ఇంకేం కాదంటుంది, మొదటి రైలెక్కింది.

"అసలు ఈ గోడ తెరకి దీనితో పేచీ ఏమిటండీ?" అని అడిగాడు వీర్రాజు. పొద్దుటినుంచీ కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాడు.

"భాష తెలియక," అంది సంహిత. "మీ కంప్యూటర్ బొమ్మని ఒక్కసారిగా పంపదు. ముగ్గు వేసేటప్పుడు చుక్కలు పెడతారు చూడండి, అలా ఒక వరసలో 'ఇక్కడ వెలుగు, ఇక్కడ చీకటి' అనుకుంటూ పోతుంది. వరస అయిపోగానే 'వెనక్కి తిరుగు' అని చిన్న సైగ చేస్తుంది. అన్ని వరసలూ అయ్యాక 'మళ్ళీ పైకి పో' అని ఇంకో సైగ. సెకనుకి పదిహేను వేల వరసలు. పాత మానిటర్ ఆ సైగలు పట్టుకుని గీసుకుంటూ పోయేది. ఈ కొత్త తెర అలా కాదు. ముందు 'నువ్వెవరు, నీ బొమ్మ వెడల్పెంత, ఎత్తెంత' అని అడుగుతుంది. ఆ ప్రశ్న పుట్టకముందే పుట్టింది మీ కంప్యూటర్. ఏం జవాబు చెబుతుంది? చెప్పదు. ఇది తలుపేసుకుంటుంది."

"మరి మీ కేబుల్?"

"దుబాసీ అండి. పూర్వం దొరలకీ మనవాళ్ళకీ మధ్య నిలబడేవాడే, వాడు. ఈ కొసలో చింతగింజంత చిప్పుంది. కాసేపు మీ కంప్యూటర్ మాటలు వింటుంది. వరస ఎక్కడ ఆగుతోంది, ఎక్కడ తిరుగుతోంది అని పోల్చుకుంటుంది. బొమ్మంతా తన దగ్గర పేర్చుకుని, అప్పుడు తెరకి తెర భాషలో అప్పజెబుతుంది. ఏ కాలపు కంప్యూటరైనా సరే, ఏ తెరైనా సరే."

భద్రంగారు చేతులు కట్టుకుని అడిగాడు. "పాతదాంట్లో కనపడినంతా కనపడుతుందా అమ్మా?"

"అంతకంటే ఎక్కువే కనపడుతుంది బాబాయ్‌గారూ. ఆ గాజు తెరలకి అంచుల్లో బొమ్మ వంకర తిరిగేది. అందుకని బొమ్మని కాస్త పెద్దది చేసి అంచులు చట్రం వెనక్కి తోసేసేవాళ్ళు. ఇన్నేళ్ళూ మీరు కిటికీలోంచి చూశారు. ఇవాళ వీధిలోకొచ్చి చూస్తారు. నా కేబుల్ ఒక్క చుక్క వదలదు, ఒక్క చుక్క కల్పించదు." ఈ చివరి మాట సంహిత ఎక్కడికి వెళ్ళినా చెబుతుంది. చెప్పినప్పుడల్లా గొంతులో కొంచెం గర్వం పలుకుతుంది.

"ఒక్క చుక్క కూడా వదలదా?" అంది గంగారత్నం. మూలన కుర్చీలో కూచున్న ఆవిడ మొహం ఎందుకో పాలిపోయింది. "పోనీ ఆ పాత డబ్బానే బాగు చేయించరాదుటమ్మా? ఈ కొత్త తాళ్ళూ తంటాలూ ఎందుకు?"

"నానమ్మా, దాని గాజుగొట్టం కాలిపోయింది. ఇప్పుడెవరూ తయారు చెయ్యడం లేదు," అంది ధృతి.

"అద్దం మారితే ఫలితం మారుతుందేమోనని..."

"మారదండీ," అని నవ్వింది సంహిత. పెద్దావిడ పట్టుదల చూసి ముచ్చటేసింది కూడా. సైగల లెక్క చూసుకుందామని చచ్చిపోయిన మానిటర్‌ని ఇటు తిప్పింది. వెనక వైపు బొమ్మని పైకీ కిందికీ జరిపే మర ఉంది. ఆ మర కదలకుండా సందులో తుప్పుపట్టిన చెంపపిన్ను ఒకటి దిగ్గొట్టి ఉంది. దాని మీద పసుపూ కుంకుమా పొరలు పొరలుగా ఎండిపోయి ఉన్నాయి.

"ఇదేమిటండీ?"

"కంపెనీవాడు పెట్టిందేనమ్మా," అన్నాడు భద్రంగారు. "బిగించిన రోజునుంచీ ఉంది. నాన్నగారు దాన్ని ముట్టొద్దన్నారు. ఏటా దసరాకి కంప్యూటర్‌తోపాటు దానిక్కూడా బొట్టు పెడతాం."

గంగారత్నం పైట చెంగుతో మొహం తుడుచుకుంది. ఉక్కగా ఉందంది. ఫ్యాను ఆవిడ నెత్తినే తిరుగుతోంది.

సంహిత చిప్పుకి రెండు మార్పులు చేసి మళ్ళీ కలిపింది. ఈసారి తెర తలుపు తీసింది. ముందు పచ్చటి గీతలు పరుగెత్తాయి. తర్వాత బొమ్మ కింద నుంచి పైకి దొర్లడం మొదలుపెట్టింది. చిప్పు వింటోంది. వింటూ వింటూ ఒక్కసారి పట్టేసింది. గోడ నిండా నిలువెత్తున, పాలకొల్లులో ఎవరూ ఎన్నడూ చూడనంత స్పష్టంగా, పచ్చటి అక్షరాలు నిలబడ్డాయి. "శ్రీ మార్కండేయ కంప్యూటర్ జ్యోతిషం. వివరాలు ఇవ్వండి."

భద్రంగారు రెండు చేతులూ ఎత్తి తెరకి దణ్ణం పెట్టాడు. తర్వాత సంహితకీ పెట్టబోతే ఆవిడ గబుక్కున చేతులు పట్టుకుంది. "పోయిన మనిషిని పిలుచుకొచ్చావు తల్లీ," అన్నాడు.

పెద్దాయన కూచుని, పేర్లూ నక్షత్రాలూ టైపు చేశాడు. ధృతి వాళ్ళమ్మ భవాని కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. యంత్రం కాసేపు ఆలోచించినట్టు ఆగి, ఫలితం పరిచింది. భద్రంగారు గొంతు సవరించుకుని, అలవాటైన రాగంలో ఎత్తుకున్నాడు.

"శ్రీరస్తు, శుభమస్తు. వరుడు విహారి. వధువు ధృతి. కలిసిన గుణములు ముప్పై ఆరుకి ఇరవై ఏడు. వివాహం శుభప్రదం."

ధృతి కెవ్వున అరిచి వాళ్ళమ్మని కావిలించుకుంది. వీర్రాజు కూడా హమ్మయ్య అన్నట్టు భుజాలు దించాడు. కానీ భద్రంగారు ఆగలేదు. తెర మీద ఇంకా అక్షరాలున్నాయి. ఉంటే చదవాలి, అది నియమం.

"గమనిక. ఇది అమ్మకమునకు ముందు చూపించు నమూనా మాత్రమే. అంకెలు ఊరికే వేసినవి. ఏ పేర్లు ఇచ్చినను శుభప్రదం అనియే వచ్చును. అసలు ప్రోగ్రాం కావలసిన వారు..." రాగం అక్కడ తెగిపోయింది. "మమ్ములను... సంప్రదించగలరు."

నిజం చెప్పొద్దూ, సంహిత మనసులో మొదట వచ్చిన మాట 'చివరి వరస కూడా ఎంత బాగా వచ్చిందో' అని. రెండో మాట 'అమ్మా!' అని. అమ్మ ఇరవై తొమ్మిది గుణాలూ ఇక్కడివే.

భద్రంగారు సంహిత వైపు తిరిగాడు. "ఈ కింది మాటలు మీ కేబుల్ కల్పించింది కదమ్మా?"

అవునంటే అయిపోతుంది. పెద్దాయన బతుకు నిలబడుతుంది, పిల్ల పెళ్ళి జరుగుతుంది, పోయేది తన కేబుల్ పరువు ఒక్కటే. సంహిత నోరు తెరిచింది. కానీ అబద్ధం రాలేదు. "కేబుల్ ఏదీ కల్పించదు బాబాయ్‌గారూ," అంది, తల దించుకుని.

"అంటే యాభై ఏళ్ళ పైచిలుకు ఊరందరికీ చెవిలో పువ్వు పెట్టానన్నమాట," అని పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "తెలియక పెడితే మాత్రం పువ్వు పువ్వే కదా."

వీర్రాజు మొహం కందగడ్డలా అయింది. "చూశారా! నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. ఇది ఉత్తదే. ఇంక ఈ పెళ్ళి..."

"ఏవండీ," అంది భవాని. అంతవరకూ ఒక్క మాట మాట్లాడని మనిషి. "మన పెళ్ళికి ఎన్నొచ్చాయి?"

"ఇరవై అయిదు. ఇప్పుడదెందుకు?"

"అదీ ఉత్తదేనా?"

వీర్రాజు ఆ బల్ల వంక చూశాడు. ఇదే కొట్టులో, ఇదే బల్ల ముందు, గోళ్ళు కొరుక్కుంటూ కూచున్న తన పడుచుతనం గుర్తొచ్చింది. ఆనాడూ పంతులుగారు కుదరదనే అన్నారు. భవాని అప్పుడు సందు చివర గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. తను శుభం అంటూ పరుగెత్తుకెళితే వానలో గొడుగు వదిలేసి ఏడ్చేసింది. ఆ తర్వాత తనకి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే, ఆస్పత్రి బెంచీ మీద వారం కూచున్నదీ ఆవిడే. ఇదంతా ఉత్తదా?

"ఏం మాట్లాడరేం?" అంది భవాని. కోపంగా కాదు, కాస్త భయంగానే.

వీర్రాజు తిన్నగా వెళ్ళి వంగి భద్రంగారి కాళ్ళు పట్టుకున్నాడు. "లేవండి బాబాయ్‌గారూ. మీ డబ్బా ఆవేళ కాదని ఉంటే నాకు భవాని లేదు. ఈ పిల్లా లేదు. కాదనడం రానిదాన్ని తెచ్చి పెట్టారు చూడండి, మీ నాన్నగారు, ఆయనకి దణ్ణం పెట్టాలి." ముక్కు ఎగబీల్చి, సంహిత వైపు తిరిగాడు. "డాక్టరుగారూ, సాయంత్రం అయిదింటికి అబ్బాయివాళ్ళొస్తున్నారు. ఆ కింది వరస... కొంచెం కిందికి తోసెయ్యలేరూ?"

"నా కేబుల్ ఒక్క చుక్క కూడా వద..." అని మొదలుపెట్టి ఆగిపోయింది సంహిత. "అయినా అది అబ్బాయివాళ్ళని మోసం చేసినట్టు కాదుటండీ?"

"వాళ్ళని మోసం చెయ్యడమేమిటమ్మాయ్," అంది మూలనుంచి గంగారత్నం. "వియ్యంకుడి పెళ్ళీ కుదిరింది ఇక్కడే. వాళ్ళకి ముప్పై."

"మరి మీ నియమం?" అని సంహిత భద్రంగారిని అడిగింది.

ఆయన తెర వంక చూసి, ఇటు తిరిగాడు. ఎదురుగా వీర్రాజు ఉన్నాడు, భవాని ఉంది, ఏడుపు ఆపుకుంటున్న ధృతి ఉంది. "కనపడిందంతా చదువుతానమ్మా," అన్నాడు చివరికి. "కనపడనిది ఎలా చదువుతాను?" అని కళ్ళజోడు పెట్టుకున్నాడు.

సంహిత చిప్పుని తెరిచి, పొద్దుటినుంచీ నేర్పిన పాఠానికి ఒక్క అబద్ధం కలిపింది. అడుగు వరసలు పక్కన పెట్టమంది. గమనిక మెల్లగా తెర అంచు కిందికి జారిపోయింది. ఎన్నో ఏళ్ళ పరిశోధన ఒక మెట్టు వెనక్కి దిగి, పాత పెట్టె ఎక్కడుందో అక్కడ నిలబడింది. చిత్రంగా ఆవిడకి బాధ వెయ్యలేదు.

అప్పుడు తట్టిందో సందేహం. పాత మానిటర్లు అంచులు కత్తిరించేవి, నిజమే. కానీ మరీ ఇన్ని వరసలు కాదు. ఎవరో మర తిప్పి, బొమ్మని పనిగట్టుకుని కిందికి తోశారు. తోసి, మళ్ళీ కదలకుండా పిన్ను దిగ్గొట్టారు.

తల తిప్పి చూసింది. గంగారత్నం పెద్దావిడ అప్పటికే లేచి మానిటర్ దగ్గరికొచ్చింది. కుంకుమ పొరలు గోటితో గీకి, పిన్నుని అటూ ఇటూ ఆడించి బయటికి లాగింది.

"కొట్టు తెరిచిన రోజు మొదటి బేరం మాదే," అంది, సంహితకి మాత్రమే వినపడేలా. "మా నాన్న కుదరదనుకుంటూనే వచ్చాడు. అందరూ గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొడుతున్నారు. నేనొక్కదాన్నే దీని ముందు కూచుని మా పేర్లు కొట్టి చూశాను. టైపు లోయరు పరీక్ష ప్యాసయ్యాను, అక్షరం కనపడితే చాలు చదివేసేదాన్ని. చదివాక ఊరుకుంటానా? చేతికందిన మరనల్లా తిప్పాను. ఆ వరస దిగిపోయేదాకా."

"అయితే మీకు ముందునుంచీ తెలుసా? కంప్యూటర్ ఏమంటే అదేనని పంతం పట్టింది మీరే కదా!"

"మరి! కాదనడం రానిదాన్ని అడగమనక, పంతులుగారిని అడగమంటానా?" అని కిసుక్కున నవ్వింది. "మీ కేబుల్ సంగతి విన్నాక మాత్రం పొద్దుటినుంచీ నా ప్రాణం నా దగ్గర లేదు తల్లీ."

"ఎవరికీ చెప్పలేదా? మీ ఆయనకి కూడా?"

"ఆయన పోయేదాకా ప్రతి పెళ్ళిరోజుకీ వచ్చి దీనికి పూలు పెట్టి వెళ్ళేవారు. ఎలా చెబుతాను? మాకు ముప్పై ఒకటి వచ్చాయి. అంతకంటే ఎక్కువ ఈ ఊళ్ళో ఎవరికీ రాలేదు తెలుసా?" ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళలో గర్వం మెరిసింది. పెద్దావిడ పిన్నుని చెంగుతో తుడిచి, సంహిత అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "నీ దుబాసీకి పనికొస్తుందేమో ఉంచు."

సాయంత్రం అబ్బాయివాళ్ళొచ్చారు. భద్రంగారు పైనుంచి కింది దాకా, కనపడిన ప్రతి అక్షరమూ మింగకుండా చదివాడు.

ఆ కేబుల్ మరుసటి ఏడు మార్కెట్లోకొచ్చింది. విశాఖలో విడుదల సభ. ఒక్క చుక్క వదలదు అని వెనక పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ముందు వరసలో సంహిత అమ్మా నాన్నా కూచున్నారు. ఏసీ ఎక్కువై అమ్మ వణుకుతుంటే నాన్న తన కండువా తీసి ఆవిడకి కప్పుతున్నాడు. ఆవిడ వద్దంటోంది, ఆయన వినడం లేదు.

ఒక విలేకరి లేచాడు. "మేడమ్, మీ కేబుల్ గొప్పతనమే ఏదీ దాచకపోవడం అంటున్నారు. మరి అడుగు వరసలు దాచెయ్యడానికి పనిగట్టుకుని బటన్ ఎందుకు? దానికి 'పిన్ను' అనే పేరేమిటి? పాత కంప్యూటర్లున్న ఊళ్ళవాళ్ళకి ముందుగా వాడి చూడమని ఇస్తే, అన్నిటికంటే దాన్నే ఎక్కువ వాడుతున్నారట!"

సంహిత ముందు వరస వంక చూసింది. ఇరవై తొమ్మిది గుణాలు కలిసిన జంట ఇంకా కండువా కోసం కీచులాడుకుంటోంది.

"అది లేకపోతే నేను పుట్టేదాన్ని కాదండీ," అంది.

శాస్త్రవేత్త హాస్యమాడిందనుకుని హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది వాళ్ళమ్మే.